కాలి క్రింది రంగస్థలము

నాట్యమును గూర్చి వ్రాసిన మన పెద్దలు హస్తములను గూర్చి వ్రాసిరి, దృష్టిభేదములను గూర్చి వ్రాసిరి, పాటను, తాళమును, ఆహార్యమును గూర్చి గ్రంథములే వెలయించిరి. కాని నర్తకుని పాదము ఏ నేలను తాకి మ్రోగెనో, ఆ నేలను ఎవరు సిద్ధము చేసిరో తెలిసికొనవలెనను కోరిక మనకు అంతగా కలుగలేదు. దేవాలయములకు రాతి మండపము లుండెను. రాజులకు కొలువుకూటము లుండెను. ఈ రెండును లేని పల్లెవారు ఆడదలచినప్పుడెల్ల తమ రంగమును తామే సిద్ధపరచుకొనవలసి వచ్చెను. ఊరూర తిరుగువారు ఆట ముగిసిన వెనుక దానిని విప్పి మోసికొని పోవలసి వచ్చెను. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారమైన మనకు ఈ చరిత్రతో దగ్గర సంబంధము కలదు. నేడు మన పిల్లలు నాట్యము నేర్చుకొనుచుండగా, ఇంటిలో పరచి మరల తీసి పెట్టుకొనదగిన కొయ్య రంగమును చేయించుకొనుట కొందరికి కొత్త వేడుకవలె తోచవచ్చును. అది కొత్తది కాదనియు, మన కళలు ఇంతకాలము బ్రతికిన తీరే అదియనియు చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా మన సీమను తలచుకొందము. ఉత్తర పినాకిని యనబడు పెన్నయు, చిత్రావతియు, పాపఘ్నియు నంది కొండల పరిసరములలోనే పుట్టుచున్నవి. చిత్రావతి బాగేపల్లి మీదుగా పోయి, పుట్టపర్తిని దాటి, ధర్మవరము సీమను తడిపి పెన్నలో కలియుచున్నది. పాపఘ్ని కడప జిల్లాలో గండి క్షేత్రమునొద్ద కొండల నడుమ దారి చేసికొని అదే పెన్నను చేరుచున్నది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినప్పుడు మన తాలూకాలు మైసూరు రాష్ట్రమునందే, కోలారు జిల్లాలో నిలిచినవి. ఆ రాష్ట్రము 1973లో కర్ణాటక మను పేరు దాల్చినది. 2007లో కోలారు నుండి చిక్కబళ్లాపురము జిల్లా వేరుపడినది. పటముల మీది గీతలు ఎట్లు మారినను, ఈ నదుల వెంట మనుష్యులును, మాటలును, ఆటలును రాకపోకలు మానలేదు. చింతామణి తాలూకాలోని కైవారమున గాజులమ్మి బ్రతికిన నారేయణ యోగి తెలుగునను కన్నడమునను రచనలు చేసెను. ఒకే నోట రెండు భాషలు పలుకుట ఈ సీమకు సహజము.

ఇక రంగమును గూర్చి శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. భరతుని నాట్యశాస్త్రమున రెండవ అధ్యాయమంతయు ప్రేక్షాగృహమును గూర్చినదే. అందు మధ్యమ ప్రమాణము గల దీర్ఘచతురస్రశాలకు 64 మూరల పొడవును, 32 మూరల వెడల్పును చెప్పబడినవి. నేలను దున్ని, రాళ్లను గడ్డిని ఏరివేసి, నల్లమట్టి నింపి రంగమును సిద్ధము చేయవలెనట. రంగశీర్ష మను భాగమున ఆరు కొయ్యల కట్టడము నుండవలెనట. అన్నిటికంటె గమనింపదగిన మాట మరియొకటి కలదు. రంగశీర్షము తాబేటి వీపువలె నడుమ ఉబ్బి యుండరాదు. చేప వీపువలె ఇరుప్రక్కలకు వాలియుండరాదు. నిర్మలమైన అద్దమువలె చదునుగా నుండవలెను. పాదమును నమ్ముకొన్నవాడు గాని ఇట్టి మాట చెప్పలేడు. కాకతీయ గణపతిదేవుని గజసేనాపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, మార్గ నృత్తములతో పాటు దేశి నృత్తములకును సమాన గౌరవ మిచ్చెను. జనుల నడుమ పుట్టిన ఆటలకు శాస్త్రమున చోటు కల్పించిన ఆ మహనీయుడు మన తెలుగువాడే.

రాతి రంగమునకు మనకు దగ్గరలోనే గొప్ప నిదర్శన మున్నది. హిందూపురము ప్రక్కనున్న లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయమునందు నాట్యమండపము కలదు. ఆ స్తంభముల మీద రంభ నాట్యమాడుచుండగా బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు, తుంబురుడు వీణ మీటుచున్నాడు. ఆ శిల్పులు నర్తకిని రాతిలో నిలిపి నాలుగు వందల యేండ్లు దాటినది. అయినను ఆ మండపము కదలదు. దానిని చూడవలెనన్న మనమే పోవలెను. రాజాస్థానముల సంగతియు అంతియే. మైసూరు ఆస్థానమున జట్టి తాయమ్మగారును, ఆమె శిష్యురాలు కె. వేంకటలక్షమ్మగారును పదములకును జావళులకును అభినయము పట్టి పేరు పొందిరి. ఆ పదములలో తెలుగు సాహిత్యము మిక్కుటము. కన్నడ దేశము తెలుగు పాటను అంత ఆదరముతో కాపాడినది. కాని ఆ కొలువుకూటపు నేల మీద అడుగిడు భాగ్యము పల్లె పిల్లకు లభించునది కాదు.

పల్లెకు తన రంగము వేరుగా నుండెను. కూచిపూడి భాగవతులు ఊరి నడుమ చదునైన చోట నీళ్లు చల్లి, ఇద్దరు తెర పట్టుకొనగా, దివిటీల వెలుగున ఆడిరి. తరంగమాడునప్పుడు కూచిపూడి నర్తకుడు ఇత్తడి పళ్లెపు అంచుమీద నిలిచి ఆడును. ఒక విధముగా చూచిన, నర్తకుడు తనతో తెచ్చుకొను రంగములలో అది మిగుల చిన్నది. మన కోలారు, చిక్కబళ్లాపురము సీమలలో కేళిక యను ఆట కలదు. దీనిని కన్నడ పండితులు మూడలపాయ, అనగా తూర్పు తీరు యక్షగానములో చేర్చుదురు. సేద్యము చేసికొనువారే ఇందు పాత్రధారులు. భాగవతుడు పాఠము చెప్పును, ముఖవీణ పలుకును, రాత్రి తెల్లవారువరకు ఆట సాగును. కిరీటములును భుజకీర్తులును తేలికైన కొయ్యతో చేసి, రంగులద్ది, అద్దపు ముక్కలు పొదుగుదురు. సరిహద్దు పల్లెలలో ఇది కన్నడమునను తెలుగునను ఆడబడినది. ఉత్తర కర్ణాటకపు దొడ్డాటలో గుంజలపై పలకలు పరచి నేలకంటె ఎత్తుగా కట్టు వేదికకు ‘అట్ట’ యని పేరు. ఆ మాట మన ‘అటక’కు చుట్టము. ఆట ఉన్నన్నాళ్లు అది రంగము. ఆట ముగిసిన మరునాడు అది మరల గుంజలును పలకలును మాత్రమే.

కొయ్యపలకకు మరియొక గుణము కలదు. అది పలుకును. దీనిని మనకంటె ముందు తెలిసికొన్నవారు తోలుబొమ్మలాటగాండ్రు. తెర వెనుక నిలిచి బొమ్మ నాడించుచు, యుద్ధఘట్టములలో కాలి క్రింది చెక్కపలకలను దడదడ త్రొక్కి చప్పుడు చేయుట వారి పద్ధతి. చూచువారికి కాలు కనబడదు, పలకయు కనబడదు. భీముని గద మాత్రము వినబడును. చిత్రావతి తడుపు ధర్మవరము సీమలోని నిమ్మలకుంట ఇట్టి కళాకారుల గ్రామము. 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారు ఆ గ్రామమువారే. ఇందొక విశేషము కలదు. ఈ ఆటగాండ్రలో పెక్కుమంది పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చినవారు. వారి యింటిలో ఆరె మరాఠీ. వారి తెర మీద తెలుగు. ఇంటి భాష యొకటి, చుట్టునున్నవారి భాష వేరొకటి అయినను కుటుంబమంతయు కూడి ఒక కళను తరములపాటు మోసికొని రావచ్చునని వారు చూపిరి. భాషకు అల్పసంఖ్యాకులమైన మనము వారినుండి నేర్చుకొనదగినది ఇదియే.

ఆ బొమ్మలాటల కుటుంబములనుండియే సురభి నాటకసమాజము పుట్టినది. పాపఘ్ని పారు చక్రాయపేట సీమలోని సురభి గ్రామమున, 1885లో వనారస గోవిందరావుగారును బంధువులును కలిసి కీచకవధ నాడిరి. తోలుబొమ్మ నాడించిన చేతులవారు తామే రంగమెక్కిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. నాటినుండి ఆ కుటుంబములు తమ నాటకశాలను తామే బండ్ల మీద వేసికొని ఊరూర తిరిగినవి. గుంజలు, పలకలు, తెరలు, రేకులు దించుకొని కొలది దినములలో శాల నిలుపుట, నెలలు ఆడి మరల విప్పుట వారికి పుట్టుకతో వచ్చిన విద్య. రంగము మీదనే పిల్లలు నడక నేర్చిరనుట అతిశయోక్తి కాదు. పెన్న, చిత్రావతి, పాపఘ్నుల నడుమ సీమలో కదలు రంగము పరాయి వస్తువు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా?

మన సీమకు వెలుపల స్థిరపడిన తెలుగువారి సంగతియు ఒకింత చూతము. తంజావూరి సీమలోని మెలట్టూరులో నాయకరాజుల కాలమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారు, చుట్టును తమిళ మున్నను, మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను వరదరాజస్వామి కోవెల యెదుట నృసింహజయంతి దినములలో ఆడుచు వచ్చిరి. ప్రహ్లాదచరిత్రము వానిలో ప్రసిద్ధమైనది. ఏటేట పందిరి వేయుదురు, ఏటేట తీసివేయుదురు. వారి తెలుగు నిలిచినది కేవలము పుస్తకమువలన కాదు. ఏడాదికొకమారు కాలు మోపుటకు ఒక చోటు సిద్ధపరచుకొనుటవలన.

ప్రపంచమున ఇతర జాతులును ఇట్లే చేసినవి. ఐర్లండు పల్లెలలో మట్టినేల గల యిండ్లవారు ఆటకు పూనుకొన్నప్పుడు తలుపును ఊడదీసి నేలపై పరచి, దాని మీద కాళ్లతో తాళము వేసెడివారు. జపానువారి నోహ్ రంగము నున్నని కొయ్యపలకలతో చేసినది. దాని క్రింద పెద్ద మట్టి బానలను ఉంచి పాదఘాతమునకు గంభీరమైన మ్రోత కల్పించిరి. స్పెయిను దేశపు ఫ్లమెంకో నాట్యశాలకు ‘తబ్లావ్’ అని పేరు. దానికి మూలమైన మాటకు పలక యని అర్థము. పాదముతో తాళము పలికించు నాట్యము ఎక్కడ ఉన్నదో అక్కడ కొయ్యయు ఉన్నది.

గడచిన అరువది డెబ్బది యేండ్లలో మన పరిస్థితి మారినది. 1963లో వెంపటి చినసత్యముగారు మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, వీధిలోని ఆటను పట్టణపు రంగస్థలమునకు తగినట్లు తీర్చి, మగవారి కళగా నుండిన దానిని ఆడపిల్లలకు విరివిగా నేర్పిరి. ఇది మహోపకారము. ఆ పిమ్మట పట్టణములలో నాట్యపాఠశాలలు పెరిగినవి. అదే కాలమున ఇండ్లలో మట్టినేలయు పేడతో అలికిన నేలయు పోయి, సిమెంటు, నల్లరాయి, టైల్సు వచ్చినవి. మట్టి కొంత లొంగును. కొయ్య కొంత లొంగును. సిమెంటు మీద పరచిన రాయి ఏమాత్రమును లొంగదు. చెప్పులులేని పాదముతో వేయిమార్లు తట్టినప్పుడు ఆ దెబ్బ మడమకును, పిక్కయెముకకును, మోకాటికిని తిరిగి వచ్చును. నొప్పిచేత పిల్ల అభ్యాసమును తగ్గించును. తగ్గించిన అభ్యాసము కొన్నాళ్లకు మానును. కళ మరుగగుటకు రాజుల నిరాదరణమే కావలెనని లేదు. ఇంటిలో తగిన నేల లేకపోవుటయు చాలును.

కావున ఇంటిలో కొయ్య రంగమును ఎట్లు చేయించుకొనవచ్చునో క్లుప్తముగా వివరింతును. నీటికి చెడని మేలురకపు ప్లైవుడ్, ముప్పాతిక అంగుళము మందము గలది, 8 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు గల రేకులు రెండు తీసికొనవలెను. ఒక్కొక్క దానిని నడిమికి కోసిన 4 అడుగుల చదరపు పలకలు నాలుగు వచ్చును. నాలుగును కూర్చిన 8 అడుగుల చదరము. ఒక్క పిల్ల అడుగులు సాధన చేయుటకు ఇది చాలును. ప్రతి పలక అడుగున రెండు అంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల రీపర్లను అడుగునకొకటి చొప్పున ఐదింటిని అమర్చి, చివరలను అడ్డురీపర్లతో కలుపవలెను. రీపర్లను జిగురు పూసి, అడుగు వైపునుండియే స్క్రూలతో బిగింపవలెను. స్క్రూ పొడవు రీపరు మందమును పలక మందమును కలిపినదానికంటె పావు అంగుళము తక్కువగా నుండవలెను. లేనిచో మొన పైకి వచ్చి పాదమును గాయపరచును. పై వైపున ఒక్క మేకుతలయైనను ఉండరాదు.

రీపర్ల క్రింద అడుగునకొకటి చొప్పున రెండు అంగుళముల చదరపు మెత్తని రబ్బరు ముక్కల నంటింపవలెను. పలక లొంగుటకు ఇదియే కారణము. దీనిని విడిచిన పని వ్యర్థము. అంచులను చిత్రిక పట్టి, పై భాగమును ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. మెరుగునూనె పూయరాదు, పాదము జారును. నాలుగు పలకలు కలియు చోట నాలుగు అతుకులు వెలుపలికి తేలును. ఆ నాలుగు చివరల నాలుగు కొక్కెములు తగిలించిన పలకలు విడిపోవు. అతుకుల మీద బట్టపట్టీ నంటించిన బొటనవ్రేలు చిక్కుకొనదు. ఒక్కొక్క పలక 20 కిలోలకు మించును గనుక ఇద్దరు పట్టి ఎత్తవలెను. కొయ్య క్రింద ఖాళీ యుండుటచేత మ్రోత హెచ్చును. క్రింది యింటివారు ఇబ్బందిపడకుండ మన సీమ గొంగళ్లను పలకల క్రింద పరచుట మేలు.

పరచిన పిమ్మట రసమట్టముంచి చదును చూడవలెను. సాధన ముగిసిన వెనుక పలకలను గోడకు ఏటవాలుగా చేరవేయరాదు. వంగి నడుమ ఉబ్బును. భరతుడు వలదన్న తాబేటి వీపు అదియే. నిటారుగా నిలిపి యుంచవలెను, లేదా ఒకదానిపై నొకటి చదునుగా పేర్చవలెను. తడిబట్టతో తుడిచిన యెడల వెంటనే పొడిబట్టతో ఆర్పవలెను. పరిచయముగల వడ్రంగి యున్న రెండు మూడు దినముల పని. తండ్రియు పిల్లలును కూడి ఉప్పుకాగితము పట్టిన, పలక మీద పిల్లకు మమకారము కలుగును.

ఇంత శ్రమ ఎందుకని ఎవరైన నడుగవచ్చును. మన పిల్లలు కన్నడమునందో ఆంగ్లమునందో చదువుకొనుచున్నారు. అది న్యాయమే, ఈ నేల కన్నడ నేల, మనకు అన్నము పెట్టిన నేల. కాని ఇంటిలో తెలుగు మాటాడుచు తెలుగు అక్షరము చదువనేరని పిల్లలు మనలో ఎందరో కలరు. అట్టి పిల్ల ఒక పదమునకు అభినయము పట్టవలెనన్న, ప్రతి మాటకు అర్థమడుగక తప్పదు. ‘సామి’ యన్నప్పుడు కోపమా, ఎత్తిపొడుపా, వలపా యని అడుగును. అప్పుడు అవ్వయో అమ్మయో చెప్పవలెను. తెలుగు పుస్తకము విప్పని యింట కూడ ఈ విధముగా తెలుగు పాఠము నడచును. వారమునకు ఒక గంట పాఠశాలలో జరుగు దానికంటె, ప్రతిదిన మింటిలో జరుగు ఈ ముచ్చట బలమైనది. దానికి కావలసినది పిల్ల నొప్పిలేక నిలువగల నాలుగు పలకల చోటు.

పలక ఒక్క యింటిదే కానక్కరలేదు. వీధిలో నలుగురు కలిసి చేయించుకొని వారము వారము మార్చుకొనవచ్చును. ఉగాదికి సంఘము వారి సభకు అవే పలకలు బండిలో పోవచ్చును. రెండిండ్ల పలకలు కూర్చిన 16 అడుగుల రంగమగును. కేళిక నేర్చిన వృద్ధులు పల్లెలలో ఇంకను ఉన్నచో, వారిని పిలిచి ఆ పలకల మీదనే ఒక ఘట్ట మాడింపవచ్చును. కూచిపూడి నేర్చుకొను పిల్లలు తమ సీమ అడుగు ఎట్టిదో కన్నులార చూతురు. భరతుడు రంగపూజను విధించెను. మన పిల్లలును ఆడుటకు ముందు వంగి నేలను తాకి కన్నుల కద్దుకొందురు. ఆ నమస్కారము కొయ్యపలకకును చెల్లును. రాబోవు ఉగాదికి ముందుగా మన సంఘపు కుటుంబములు కొన్నియైనను ఇట్టి రంగమును చేయించుకొని, దానిమీద మన పిల్లల సాధనను సాగింప పూనుకొందురుగాక.